వేలం గొంతు

వంశధార పొంగి శ్రీకాకుళం వైపు ఊళ్ళకి ఊళ్ళు ముంచేసిన ఏడు అది. వరద నాటికి దయానందం గొంతు ఇనుపకడ్డీ. క్రిస్మస్ నెల వచ్చేసరికి అది కడ్డీ కాదు, పాటా కాదు, ఏదీ కాకుండా పోయింది. శనివారం సాయంత్రం, రేవుకెదురుగా ఉన్న నావికుల క్లబ్బు వెనక వరండాలో సోడాసీసాల పెట్టె బోర్లించుకుని కూర్చుని, తన గొంతు తనదో కాదో తెలియక వేళ్ళతో మెడ తడుముకుంటున్నాడు. లోపల హాల్లో విజయరత్నం మాస్టారు పియానో మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్నాడు. ఉప్పుగాలికి కొన్ని మెట్లు అతుక్కుపోతాయి, వాటిని రోజూ బుజ్జగించాలి. ఆ బుజ్జగింపు అయ్యాక పిలుస్తాడు. పిలిచాక ఒక్కసారి పాడాలి. ఒకేసారి. పాట చివర గొంతు దానంతట అది సన్నగా అలలాడిందా, ఏడింటికి మొదలయ్యే డాన్సులో మైకు దయానందానిది, రాబోయే శనివారాలన్నీ అతనివే. అలలాడలేదా, లేకపోతే మొన్న బుధవారం ఊగినట్టు ఊగిందా, ఆ పాటని ఖయ్యూం తన ట్రంపెట్ మీదే వాయించేస్తాడు, బ్యాండుకి పాడే మనిషితో పని లేదు, దయానందం చేపల రేవుకి పోయి అరుచుకోవచ్చు. మాస్టారు ఆ మాటే అన్నాడు. అరుచుకోవచ్చు అని.

పెట్టె కింద ఎర్రటి పొడి. ఎంత ఊడ్చినా రేవులో ఇనుపరాయి పొడి పోదు, కిటికీ రెక్కల మీద, ఆరేసిన బట్టల మీద, మనుషుల కనుబొమల మీద పడుతూనే ఉంటుంది, ఊపిరి తీస్తే లోపలికీ పోతుంది కాబోలు, అందుకే నీ గొంతు ఇనుమైపోయింది బావా అని డ్రమ్ములు వాయించే మౌలాలి ఎగతాళి. అయితే ఊపిరి తియ్యకు. కాదు, తియ్యి, నెమ్మదిగా, పొట్ట నిండేదాకా తియ్యి, తీసి వదిలెయ్యి, తొయ్యకు. మాస్టారు చెప్పింది అంతే. వదలడానికీ తొయ్యడానికీ తేడా ఆయనకి తెలుసు, ఇంతకుముందు ఇక్కడ పాడిన ఫ్లోరెన్సమ్మకి తెలుసు, దయానందానికి తెలిసింది తొయ్యడమే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తోస్తూనే ఉన్నాడు. వంటగదిలో కట్లెట్లు వేగుతున్నాయి. వంజరం. పొద్దున చేపల రేవులో తను వేలం వేసిన వంజరమే అయి ఉంటుంది, ఆ వాసన పట్టేస్తాడు, మబ్బుపట్టిన కళ్ళ వంజరం వేరు, బోటు మీదే ఐసులో పడ్డ వంజరం వేరు. నూనె పొగ గొంతుకి మంచిది కాదు. లేచి వరండా ఆ చివరికి పోయాడు. అక్కడ గాలి. చల్లగాలీ మంచిది కాదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కాలు దానంతటదే ఆడుతోంది, ఆ కాలుకి ఎవరు నేర్పారు, ఎంత బాగా వణుకుతోందో చూడు, ఎవరూ అడక్కుండానే, ఈ వణుకు ఒక్క జానెడు పైకొచ్చి మెడలో కూర్చుంటే తన పని అయిపోయేది కదా.

హాల్లోంచి ట్రంపెట్. ఖయ్యూం. పాతూరి పెళ్ళిళ్ళ బ్యాండులో వాయించేవాడు, శనివారాలు ఇక్కడికొస్తాడు. ఆ పాటే. దయానందం పాటే. ఓడ వెళ్ళిపోయాక రేవులో మిగిలినవాడి పాట. ఇంగ్లీషు మాటలు మాస్టారు ఒక్కొక్కటే నోటితో పలికించి నేర్పాడు, అర్థం కూడా చెప్పాడు. ఆ మనిషి ఏడవడురా, ఏడిస్తే పాట పాడైపోతుంది, రేపు ఏ ఓడ వస్తుందని అడుగుతాడు, అంతే. అంతే అంటే ఎంత. ఖయ్యూం ఆఖరి మాట దగ్గరికొచ్చాడు, నిలబెట్టాడు, వేళ్ళు మీటల మీద కాస్త కదిలించాడు, అల వచ్చేసింది. వాడికేం, చేతులున్నాయి. గొంతుకి చేతులు లేవు. గొంతుని ఎక్కడ పట్టుకుని కదిలించాలి.

ఎక్కడా పట్టుకోకూడదు అంది ఫ్లోరెన్సమ్మ. అలా అనలేదు, కానీ అలాంటిదే ఏదో అంది. అప్పటికి ఆవిడే క్లబ్బు పాటగత్తె. ఆ రోజు చేపల గంప మోసే మనిషి రాకపోతే దయానందమే గంప నెత్తిన పెట్టుకుని ఈ వంటగది గుమ్మం దాకా వచ్చాడు. ఐసునీళ్ళు మెడ మీంచి వీపు మీదికి కారుతున్నాయి. తలుపు సందులోంచి హాలు కనిపిస్తోంది. ఆవిడ ఇంట్లో కట్టుకునే చీరలో, కుర్చీ వీపు మీద ఒక చెయ్యేసి, మైకు లేకుండా పాడుకుంటోంది. మాట చివర గొంతు నిలబడింది. నిలబడి, కంచరపాలెంలో గూడ్సు బండి పోతున్నప్పుడు గూట్లో గ్లాసులో నీళ్ళు కదిలినట్టు కదిలింది. ఆ నీళ్ళని ఎవరూ ముట్టుకోరు. ఎక్కడో పట్టాల మీద బండి పోతుంది, ఇక్కడ గ్లాసులో చిన్న చిన్న గుండ్రాలు లేస్తాయి, చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాడు, చూసి ఊరుకున్నాడు. అది మనిషి నోట్లోంచి రావచ్చని ఆ రోజుదాకా తెలియదు. గంప దించడం మరిచిపోయి అడిగేశాడు.

"అమ్మా, ఆకర్న ఒణికించినారు కదా, అదెలాగ సేత్తారండీ?"

ఆవిడ తిరిగి చూసి నవ్వింది. "నేనేం చెయ్యలేదే. అదే వస్తుంది. నువ్వు చేప తెచ్చినవాడివా, పాటకొచ్చినవాడివా?"

"సేప తెచ్చినోన్నండి" అని గంప దించి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడుగానీ ఆ శనివారం నుంచి ప్రతి శనివారం చేపలు తనే మోసుకొచ్చాడు. మొయ్యాల్సిన పని లేదు. వేలం వేసేవాడు గంప మొయ్యడం రేవులో తలవంపే. సన్యాసిరాజు, ఐసు ఫ్యాక్టరీ ఆసామి, అందరి ముందూ అడిగాడు కూడా, ఏటి దయానందం, కూలీ దొరక్క నువ్వే దిగిపోనావా అని. దొరక్కే అన్నాడు. ఇంకేం చెప్తాడు. అదే వస్తుంది అట. అదే వస్తే ఇన్నేళ్ళూ నా దగ్గరికి ఎందుకు రాలేదు.

ఎందుకు రాలేదంటే తలుపు వేసి ఉంది కాబట్టి. రేవులో తెల్లారకముందే బోట్లు వరసగా వచ్చి తగుల్తాయి, ఇంజన్లు ఆపరు, ఐసు మర గరగరమంటుంది, కాకులు, ఆడవాళ్ళ తగువులు, రిక్షా గంటలు, వీటన్నిటి నెత్తి మీంచి ఒక్క గొంతు పోవాలి. తండ్రి పోయాక ఆ పని అతనికొచ్చింది. ఐసు పెట్టె ఎక్కి నిలబడి, పొట్ట బిగబట్టి, మెడ నరాలు తాళ్ళలా లేచేట్టు రాశికి ధర కేకేస్తే జెట్టీ ఆ చివరున్న కొనుగోలుదారు కూడా తల తిప్పాలి. తిప్పేవారు. అది అతని గొప్ప. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని ఊరంతా రోడ్డు మీదికొచ్చిన రోజుల్లో మీసాలింకా సరిగ్గా రాని దయానందాన్ని లారీ మీదికెక్కించి నినాదాలిప్పించారు, నీ నోరే మైకురా అని భుజం చరిచారు. నోరే మైకు. ఎంత పొంగిపోయాడో ఆ రోజు. ఇప్పుడు తలుచుకుంటే చెంప మీద కొట్టినట్టుంది, ఎందుకంటే మైకంటే ఏమిటి, దూరాన ఉన్నవాళ్ళ కోసం పెట్టేది.

ఆ మాట మొదట అంది అతని పెళ్ళాం రత్నమణి. మంచం పట్టి టైఫాయిడు జ్వరంలో కాలిపోతోంది. నుదుటి మీద తడిగుడ్డ మార్చి మార్చి అతని చేతులు నానిపోయాయి. ఏదో ఒకటి పాడయ్యా, నిద్దరడతాది అంది. పెళ్ళయ్యాక ఆవిడ అడిగిన మొదటి పాట. గుళ్ళో పాడే కీర్తన ఎత్తుకున్నాడు. ఎంత నెమ్మదిగా ఎత్తుకున్నాననుకున్నాడో. రెండు చరణాలైనా కాలేదు, ఆవిడ చెయ్యి దుప్పట్లోంచి మెల్లిగా వచ్చి చెవి మూసుకుంది. "ఒద్దులే. నా కోసం పాడమంటే ఆ ఒడ్డునున్నోలకి పాడతావేటి?" కోపంగా కాదు. జ్వరంలో ఉన్న మనిషికి కోపానికి ఓపికెక్కడిది. నిజం చెప్పింది. అతను గుడ్డ తడిపి మళ్ళీ నుదుటి మీద వేశాడు. ఆ తరవాత ఇంట్లో నోరు తెరవడమే తగ్గించేశాడు. అసలే తక్కువ మాటలవాడు, ఇంకా తగ్గించాడు. చెవి మూసుకున్న ఆ చెయ్యి మాత్రం లోపలే ఉండిపోయింది. ఫ్లోరెన్సమ్మ పాడుతుంటే ఎవరూ చెవులు మూసుకోరు. ముందుకి వంగుతారు. తను చూశాడు, తెల్లటి బట్టల్లో ఆరడుగుల నావికులు గ్లాసులు బల్లల మీద పెట్టేసి ముందుకి వంగడం.

ట్రంపెట్ ఆగింది. పియానో కూడా ఆగింది. పిలుస్తారు, పిలవబోతున్నారు, లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. మళ్ళీ ఒక మెట్టు, టింగ్, టింగ్, అదే మెట్టు. కూర్చున్నాడు. చెమట పట్టిన అరిచేతులు ఇస్త్రీ ప్యాంటుకి తుడవబోయి ఆగి, సోడాపెట్టెకి తుడిచాడు. రత్నమణి మధ్యాహ్నం ఈ బట్టలకి ఇస్త్రీ చేస్తూ, రాపోతే ఏటవుతాదయ్యా, సేపలెక్కడికీ ఎల్లిపోవు కదా అంది. ధైర్యం చెప్తున్నాననుకుంది. చేపలు ఎక్కడికీ వెళ్ళవన్నదే భయమని ఎలా చెప్తాడు.

ఫ్లోరెన్సమ్మ మొగుడికి రైల్వేలో బదిలీ అయ్యి, వరద నీళ్ళు తీసిన నెలలోనే బిలాస్‌పూర్ వెళ్ళిపోయింది. క్లబ్బులో పాట లేదు. అప్పుడు మౌలాలి, పాతూరిలో రేకుల పని చేసుకునేవాడు, శనివారాలు ఇక్కడ డ్రమ్ములు వాయించేవాడు, మాస్టారి దగ్గరికి చెయ్యిపట్టి లాక్కెళ్ళాడు. మాస్టారు విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గొంతుంది. గొంతు లేదని ఎవడూ అనలేడు. కడ్డీ. కడ్డీని వంచి కొక్కెం చెయ్యొచ్చుగాని దాంతో ఊయల ఊగలేం. క్రిస్మస్ డాన్సుల దాకా చూస్తాను." ఆయన దాన్ని వైబ్రాటో అంటాడు. మౌలాలి లెహర్ అంటాడు, వాళ్ళ మాటలో అల. దయానందానికి దానికి పేరు లేదు, వణుకు అంటాడు, అనగానే తప్పుగా వినిపిస్తుంది, అది భయపడ్డవాడికి వచ్చేది కదా.

ముందు దవడ ఊపి చూశాడు. పెరట్లో, అంట్ల గిన్నెల దగ్గర. రత్నమణి బూడిద చేతులతో నోరు మూసుకుని నవ్వింది, "మేకపిల్లని పీక పిసికినట్టుందయ్యా, పక్కింటోలు పరిగెత్తుకొత్తారు" అని. తరవాత పొట్ట తిత్తిలా కొట్టి చూశాడు. పక్కింటి పైడయ్య గోడ మీంచి తల పెట్టి ఎక్కిళ్ళా, చన్నీళ్ళు తాగు అన్నాడు. తరవాత రికార్డు. ఆ రికార్డు. తలుచుకోకూడదనుకున్నాడు, బుధవారం నుంచి తలుచుకోకూడదనే అనుకుంటున్నాడు.

గ్రీకు ఓడ వంటవాడొకడు చందువ చేపలకి బదులు ఇచ్చాడు ఆ చిన్న రికార్డు. మధ్యలో నిమ్మకాయ దూరేంత బొక్క. మౌలాలి దుకాణంలో ఉన్న ప్లేయరుకి సన్నటి పుల్ల. ఆ పుల్లకి ఈ బొక్క ఎక్కడ ఆగుతుంది? మౌలాలి ఊరుకుంటాడా, డబ్బా రేకు గుండ్రంగా కత్తిరించి, బొక్కలో సరిగ్గా బిగించి, నడిమధ్య అనుకున్న చోట మేకుతో ఒక చిల్లి పొడిచాడు. కంటి కొలత. గరాటాలు చేసేవాడికి ఆ కొలత చాలు. ముల్లు పెట్టారు. పాడుతున్నాడెవరో నల్లాయన అట, లోతు గొంతు, ప్రతి మాటా లేస్తోంది, పడుతోంది, లేస్తోంది, పడుతోంది, అలల మీద దోనెలా. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "లెహర్! సూసినావా బావా, ఎలాగ లేత్తందో! ఇదే, ఇదే మేస్టారు సెప్పింది!" ఆ రోజు నుంచి దయానందం రోజూ వేలం అయ్యాక చేపల కంపు కడుక్కుని నేరుగా రేకుల దుకాణానికి. సుత్తి దెబ్బల మధ్య, టంకం పొగలో, ఆ ఊపు ఎలా ఉందో అలాగే గొంతులోకి దించుకున్నాడు, ఎంత పైకి, ఎంత కిందికి, ఎంతసేపటికి. ఏ గురువూ అంత పట్టుగా నేర్పడు, ఏ శిష్యుడూ అంత భక్తిగా నేర్చుకోడు.

బుధవారం పాడి వినిపించాడు. మాస్టారి చేతులు మెట్ల మీద ఆగిపోయాయి. ఎక్కడ నేర్చావు అన్నాడు. గర్వంగా ప్లేయరూ రికార్డూ తెప్పించారు. మాస్టారు పాట వినలేదు, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఒరే, ఆ ముల్లు చూడండి. తిన్నగా పోతోందా? అటూ ఇటూ పడవలా ఊగుతోంది. మీ రేకు బిళ్ళ చిల్లి మధ్యలో లేదు." ఎవరికీ అర్థం కాలేదు. "పాట వెనక పియానో వినండి. అదీ ఊగుతోంది. పియానోకి గొంతుందా?" ఖయ్యూం నవ్వు ఆపుకోలేక ట్రంపెట్‌లోకి నవ్వాడు, అది గాడిద కూతలా బయటికొచ్చింది. మౌలాలి తన బిళ్ళ వైపు, కన్నకొడుకు పరీక్ష తప్పినట్టు చూస్తున్నాడు. దయానందం చూపు ముల్లు మీదే ఉండిపోయింది. నిజమే. పియానో, వెనక వాయిద్యాలు, అన్నీ కలిసి ఊగుతున్నాయి. రోజూ వింటూ వాటిని ఒక్కసారైనా వినలేదు. తన గొంతు తప్ప లోకంలో ఇంకేదీ వినబడదు కాబోలు తనకి. ఆ నల్లాయన అసలు ఎలా పాడాడో భగవంతుడికెరుక. తను నేర్చుకుంది మనిషి దగ్గర కాదు, రేకు దగ్గర.

నేర్చుకున్నది పోదు, అదీ ఇప్పటి బాధ. గురువారం పొద్దున రాశికి ధర కేకేస్తే ధర ఊగింది. "ఏటి దయానందం, రాత్రి తాగింది దిగనేదేటి ఇంకా?" అన్నాడు సన్యాసిరాజు, రేవంతా నవ్వింది. శుక్రవారం తిన్నగా పాడదామని చూస్తే కడ్డీ కూడా రాలేదు, పగిలిన వెదురులా ఏదో వచ్చింది. ఊపు తీసేస్తే పాతది ఉంటుందనుకున్నాడు, పాతదీ లేదు. ఈ ఇల్లు కూల్చి ఆ ఇల్లు కట్టలేదు, రెండిళ్ళ మధ్య సామాన్లతో రోడ్డు మీద నిలబడ్డట్టుంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఏం వస్తుంది. నిజంగా తెలియదు. ఇంత వయసొచ్చి తన నోట్లోంచి ఏం వస్తుందో తనకి తెలియదు.

వంటగది తలుపు తోసుకుని మౌలాలి వచ్చాడు, డ్రమ్ము పుల్లలు నడుముకి దోపుకుని, చెవిలో బీడీ.

"ఏటి బావా, కోడి పొదిగినట్టు పెట్టె మీద కూకున్నావు?"

"నోట్లో తడి నేదు."

"నీల్లు తాగు."

"తాగితే బరువైపోతాది."

"అయితే తాగకు."

"ఎండిపోతే పీలగా వత్తాది."

"ఓరి నాయనో, పెల్లికూతురివేటి నువ్వు! ముసుగొకటే తక్కువ." బీడీ వెలిగించబోయి, దయానందం మొహం చూసి మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. "పోనీ, నాకొక్కడికే ఒకసారి పాడు. సూసుకుందాం ఎలాగ వత్తందో."

"ఒద్దు."

"ఏటి ఒద్దు?"

"లోపల ఒక్కటే ఉన్నాదనిపిత్తంది బావా. అది ఇక్కడ అయిపోతే?"

మౌలాలి నవ్వలేదు. పక్కన చతికిలబడ్డాడు. ఛానెల్లోకి ఓడ ఒకటి వస్తోంది, ముందు దాన్ని లాగే టగ్గు, వెనక కొండంత నలుపు, యారాడ కొండ దానికి దారిచ్చినట్టు పక్కకి జరిగింది, అలా జరిగినట్టు కనిపించింది. సైరను కూసింది. ఎంత తిన్నగా కూసింది. సైరనుకి ఎవరూ చెప్పరు నువ్వు అలలాడాలి అని. అది దూరానికి వినిపిస్తే చాలు. తనకీ చాలిపోయేది, ఆ చెయ్యి చెవి మీదికి వెళ్ళకపోతే.

"నా బిళ్ళ సంగతి" అన్నాడు మౌలాలి నేల చూస్తూ, "గరాటాకైతే అంత తేడా ఎవడికీ కనపడదు."

"ఊరుకో బావా."

"నీ పాట ఆ బిళ్ళ ఊగినట్టు ఊగినా నాకు బానే ఉన్నాది. మేస్టారికే నచ్చనేదు."

అప్పుడు పిలుపొచ్చింది. పేరు కూడా కాదు, "వాణ్ణి రమ్మను" అని.

హాలు పొడుగ్గా ఉంది. రోజూ ఇంతే పొడుగా? రంగుకాగితాల తోరణాలు, గోడలకి జరిపిన బల్లలు, మైదాపిండి చల్లి నున్నగా చేసిన నేల, జారకుండా నడవాలి. ఖయ్యూం ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు, పెట్టెలో పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాడు, అంటే సిద్ధంగా. దయానందం మైకుకి చేతి దూరంలో నిలబడ్డాడు, ఎప్పుడూ అక్కడే, ఇంకా దగ్గరికెళ్తే స్పీకరు డబ్బాలు పగిలిపోతాయని ఖయ్యూం మొదటి రోజే దణ్ణం పెట్టాడు. మాస్టారు ఎత్తుకున్నాడు. దయానందం నోరు తెరిచాడు, మొదటి మాట వచ్చింది, కర్రలా, పర్లేదు, రెండోది, మూడో దాంట్లో ఆ రేకు ఊపు కడుపులోంచి లేవడం తెలిసింది, వాంతి వచ్చేముందు తెలిసినట్టు. బిగబట్టాడు. బిగబడితే మెడ బిగిసింది. మెడ బిగిస్తే రేవు వచ్చేసింది, ఐసు పెట్టె, ఇంజన్లు, అరుపు. మాస్టారు అతని వైపు చూడటం లేదు. ఖయ్యూం వేళ్ళు ట్రంపెట్ మీటల మీదికి వెళ్ళాయి. అయిపోయింది, అయిపోయింది, ఇంకా సగం పాట ఉంది కానీ అయిపోయింది.

కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. మైకు చచ్చిపోయింది. మునిమాపు వేళ, తెరలు దించిన హాలు, ఒక్కసారిగా మాస్టారి తెల్ల చొక్కా తప్ప ఏమీ కనిపించలేదు. ఆపేస్తాడనుకున్నాడు. ఆపలేదు. పియానో అలాగే సాగుతోంది, గట్టిగా కూడా వాయించలేదు, ఇంకా మెల్లిగా, ఎవరో నిద్రపోతున్న గదిలో అడుగులేసినట్టు. ఎక్కడుంది పాట, ఏ మాట దగ్గరుంది, కనిపించదు, వినాలి. తన గొంతు పెద్దదైతే పియానో మునిగిపోతుంది, మునిగితే తను ఎక్కడున్నాడో తెలియదు. తగ్గించాడు. ఇంకా వినబడలేదు. ఇంకా తగ్గించి, రెండడుగులు వేసి పియానో చెక్క మీద చెయ్యి ఆన్చాడు. చెక్క అరచేతిలో గుంయిమంటోంది. మాస్టారి ఊపిరి వినిపిస్తోంది, పిల్లికూతలు పెట్టే ముసలి ఊపిరి. అతుక్కుపోయే మెట్టు ఎక్కడొస్తుందో కూడా తెలుస్తోంది, దానికి ముందు ఆయన వేలు కాస్త ఆగుతుంది. ఆగినప్పుడు దయానందమూ ఆగాడు. కలిసి దాటారు. రేవులో ఎవడో నిలబడ్డాడు, ఓడ వెళ్ళిపోయింది, ఏడవడు, పక్కవాణ్ణి అడుగుతాడు, పక్కనే ఉన్నవాణ్ణి, అరవాల్సిన పనేముంది, రేపు ఏ ఓడ అని. అడిగాడు. ఆఖరి మాట అలా వదిలేసి పియానో చివరి మెట్టు కోసం విన్నాడు. అది చీకట్లో ఆరిపోయేదాకా విన్నాడు.

"ఓలమ్మ" అన్నాడు మౌలాలి చీకట్లోంచి. "బావా! ఆకర్న అదేటది? అదేటో వచ్చినాది, నువ్వు..."

"నోరు ముయ్యి" అన్నాడు మాస్టారు. "చెప్పకు వాడికి. చెప్పావంటే పోతుంది."

ఏం వచ్చింది? దయానందానికి తెలియదు. మెడ తడుముకున్నాడు, చెమట తప్ప ఏమీ లేదు. ఖయ్యూం కుర్చీ కిర్రుమంది, తరవాత పెట్టె మూత తెరిచిన చప్పుడు, ట్రంపెట్ లోపల పెట్టిన చప్పుడు, మూత పడిన చప్పుడు.

"మేస్టారూ, మరి..."

"ఏడింటికి డాన్సు. ఆరున్నరకల్లా ఉండు. కట్లెట్లు తినకు. రేపటి నుంచి ఆ రేవులో అరవడం కూడా..." అని ఆగాడు. రేవు మానేస్తే వీడు ఏం తింటాడో ఆయనకీ తెలియదు. "అది నువ్వు చూసుకో" అన్నాడు.

కరెంటొచ్చాక డాన్సులో పాడాడు. నావికులు గ్లాసులు దించారో లేదో చూడలేదు, చూడటానికి భయపడి పియానో వైపే తిరిగి పాడాడు. అది వచ్చిందో రాలేదో కూడా అడగలేదు. మౌలాలి మొహం చూస్తే తెలిసిపోతుందని అటూ చూడలేదు.

మర్నాడు ఆదివారం. తెల్లవారుతుండగా రేవులో ఎప్పటిలాగే బోట్లు తగిలాయి. ఇంజన్లు, ఐసు మర, కాకులు. గంపలు కుమ్మరించారు, మొదటి రాశి వంజరం. అతని కోసం ఐసు పెట్టె తెచ్చి వేశారు. దయానందం దాని వైపు చూసి, ఎక్కలేదు. రాశి పక్కన నేల మీదే నిలబడి, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టు మొదటి ధర చెప్పాడు.

కొనేవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. వెనకనుంచి సన్యాసిరాజు గొంతు వచ్చింది. "ఏటయ్యా, మొదలెట్టవేటి?"

"మొదలెట్టినాను రాజుగారూ."

"ఏటి మొదలెట్టినావు, ఎనకోలకి ఇనబడితేనా? గొంతు పోనాదేటి?"

"పోనేదండి."

"మరి కేకెయ్యి!"

"ఎయ్యను. దగ్గరికి రండి."

ఎవడో ఈల వేశాడు, ఎవడో నవ్వాడు, రాత్రి క్లబ్బు మత్తు అన్నాడింకొకడు. దయానందం కదల్లేదు. మళ్ళీ అదే ధర, అంతే మెల్లిగా చెప్పాడు. ముందున్న ఇద్దరు మెడలు చాచారు. వాళ్ళ వెనకవాళ్ళు, మంచి వంజరం ముందువాళ్ళకే పోతుందేమోనని, గంపలు కాళ్ళతో జరుపుకుని ముందుకొచ్చారు. నవ్విన వాడొచ్చాడు. ఆడవాళ్ళు తగువు ఆపి వచ్చారు. ఆఖరికి సన్యాసిరాజు పంచె పైకెత్తి పట్టుకుని, నీళ్ళలో చెప్పులు తడుస్తుంటే తిట్టుకుంటూ వచ్చి, చేతికందేంత దూరంలో చెవి ఒగ్గి నిలబడ్డాడు.

అప్పుడు రెండో ధర చెప్పాడు.